ఎడమకు ఒరిగిన దోసెల బండి

నాంపల్లి స్టేషన్ రోడ్డులో యాదవ్వ దోసె తినని గుమాస్తా ఉన్నాడంటే వాడు సెలవులో అయినా ఉండాలి, కడుపునొప్పితో అయినా ఉండాలి. పొద్దున్నే తన చిన్న ట్రక్కును తనే నడుపుకుంటూ వచ్చి, ఫుట్‌పాత్ పక్కన ఆపి, పక్క తలుపు దించి, ట్రక్కు మీదే నిలబడి పొయ్యి వెలిగించే ఆ మనిషిని చూసి మొదట్లో నవ్వినవాళ్లు ఇప్పుడు ప్లేటు పట్టుకుని ఎదురు చూస్తారు. ఆమె యాభై దాటాక డ్రైవింగు నేర్చుకుంది. లైసెన్సు పరీక్ష రోజున "ఈ వయసులో నీకెందుకమ్మా?" అని అడిగిన ఆఫీసరుతో "వయసు సంగతి ఇడిసిపెట్టు సారూ, బ్రేకేదో అడుగు, చూపెడ్త" అన్నదట. ఈ కథ ఆమె నోటి నుంచే విన్నాం కాబట్టి అందులో కాస్త ఉప్పూ కారం కలిసి ఉండొచ్చు.

యాదవ్వది కల్వకుర్తి దగ్గరి పల్లె. భర్త బిచ్చయ్య స్టేషన్లో మూటలు మోసినన్నాళ్లు ఆమె సుల్తాన్ బజార్‌లో ఒక హాస్టల్లో వంట చేసింది. అతని నడుము దెబ్బతిన్నాక ఇల్లు మొత్తం ఆమె మీద పడింది. నెత్తిన చేతులు పెట్టుకుని కూర్చోవడం ఆమెకు రాని విద్య. ముందు తోపుడు బండి పెట్టింది. తర్వాత కూతురు రజని జామీను ఉంటే అప్పు మీద ఈ కొత్త ట్రక్కు కొన్నది. ఇప్పుడు బిచ్చయ్య ఇంట్లో పిండి రుబ్బుతాడు, పల్లీలు వేయిస్తాడు, భార్య ఏ పని తలపెట్టినా ముందు ఒకసారి అడ్డం చెప్పి, ఆ తర్వాత ఆమె వెనకే నడుస్తాడు.

ఆ రోడ్డులో ఎవరి జాగాకూ కాగితాలుండవు. రోజూ నిలబడితే నీది. కొన్నాళ్లు కనబడకపోతే అందులో ఎవరు నిలబడితే వాళ్లది. ఈ సంగతి యాదవ్వకు తెలుసు, పక్కనే చెరకు రసం బండి పెట్టుకున్న రవిచంద్రకు ఇంకా బాగా తెలుసు.

ట్రక్కుతో యాదవ్వకు ఉన్న పేచీ ఒక్కటే, దాని ఎత్తు. పైనుంచి ఆమె ప్లేటు అందిస్తుంటే కింద నిలబడ్డవాళ్లు మునివేళ్ల మీద లేవాల్సి వచ్చేది. సాంబారు సగం చొక్కాల మీద పడేది. ఒకరోజు ఫోనులో ఎవరో పంజాబీ మనిషి బండి వెనక బరువు మోసే కమాన్ కట్టల్లోంచి ఒక్కో ఇనప పట్టీ ఊడదీసి బండిని కిందికి దించే వీడియో కంటపడింది. ఆయన మాట ఒక్కటీ అర్థం కాలేదు. పానా తిప్పడం మాత్రం బాగా అర్థమైంది.

"కంపెనోడు గన్ని పట్టీలు ఉత్తగనే పెట్టిండా?" అన్నాడు బిచ్చయ్య, జాకీ పట్టుకుని.

"కంపెనోడు ఎన్నడన్న దోసెలు పోసిండా?" అన్నది యాదవ్వ, బండి కిందికి దూరుతూ.

మొగుడూ పెళ్లాలిద్దరూ ఆదివారమంతా సందులో కూర్చుని అటొకటి ఇటొకటి పట్టీలు తీసేశారు. బండి నిజంగానే దిగింది. సోమవారం యాదవ్వ సంబరం చెప్పనలవి కాదు. మంగళవారం పొద్దున నీళ్ల డ్రమ్ములూ, సిలిండరూ, పిండి గిన్నెలూ అన్నీ ఎక్కించుకుని మొజంజాహీ మార్కెట్ దగ్గర గుంతలో పడేసరికి కింద ఏదో ఫట్‌మని విరిగింది. బండి వెనక భాగం టైర్ల మీద కూలబడింది. వెనకాల ఆటోల హారన్లు మోగుతుంటే యాదవ్వ దిగి, వంగి చూసి, నడిరోడ్డు మీద అందరూ వినేటట్టు "తప్పు నాదే" అన్నది. ఎవరూ అడగలేదు. ఆమె తనంతట తానే అన్నది.

బండిని ఆబిడ్స్‌లో కొన్న షోరూముకే లాక్కుపోయారు. వెనకాలే వాళ్ల వర్క్‌షాపు. టై కట్టుకున్న సాయిచైతన్య అనే సర్వీసు పిల్లవాడు విరిగిన కట్టలు చూసి, మీరే విప్పారా అని అడిగి, నవ్వాపుకుని, రెండు వైపులా కొత్తవి వేస్తామన్నాడు. వేసినందుకు బిల్లు వేశారు, యాదవ్వ అడిగినంతా కట్టింది. తన చేతులతో చేసుకున్నదానికి బేరం ఆడడం ఆమెకు నచ్చలేదు. బండి అక్కడున్నన్నాళ్లు బిచ్చయ్య నాంపల్లి జాగాలో స్టూలు వేసుకుని, ఇంట్లో వండిన ఇడ్లీలు అమ్ముతూ కూర్చున్నాడు. రవిచంద్ర రసం బండి రోజుకు కాస్త చొప్పున స్టూలు వైపు జరుగుతూ వచ్చింది.

తళతళా కడిగి, లోపల అగరుబత్తి వాసన కొట్టేట్టు బండిని తిరిగిచ్చారు. మర్నాడు జాగాలో ఆపి, పెనం వేడెక్కాక మొదటి గరిటె పిండి వేసింది యాదవ్వ. తిప్పేలోపే అది ఎడమకు జారింది. ఇంకో గరిటె వేసింది, అదీ అటే పోయింది. దోసె ఒక పక్క రొట్టెలా, ఒక పక్క కాగితంలా వచ్చింది.

"పెద్దమ్మా, నాకు కుడిపక్క దోసె కావాలె" అన్నాడొకడు. పక్కనున్నవాళ్లు పడీ పడీ నవ్వారు.

యాదవ్వ దిగి చూసింది. ఎడమ వైపు బండి బెత్తెడు కిందికి ఒరిగి ఉంది. టైరు పైరేకుకు రాసుకుని గీతలు పడ్డాయి, కాలిన రబ్బరు వాసన వస్తోంది.

"పొయ్యి కింద ఇటుక పెల్ల పెట్టరాదె" అన్నాడు బిచ్చయ్య.

"ఆళ్లు చేసినదానికి నేనెందుకు ఇటుక పెట్టాలె? ఇయ్యాల పొయ్యి కింద పెడ్త, రేపు టైరు పలిగితే ఏం పెట్టాలె? మీద నూనె కాగుతుంటది, కింద జనం ఉంటరు. నువ్వు గీడనే కూసో. జాగా ఇడువకు."

పిండి గిన్నెకు మూత పెట్టి, పొయ్యి ఆర్పి, మెల్లగా ఆబిడ్స్‌కు నడిపింది. సుల్తాన్ బజార్ బట్టల దుకాణంలో పనిచేసే రజని కూడా కబురందుకుని సగం పూట సెలవు పెట్టి వచ్చింది.

సాయిచైతన్య కంప్యూటర్లో చూసి అంతా ఓకే అని ఉందన్నాడు. బయటికి తీసుకెళ్లి చూపిస్తే, "మీరు పట్టీలు తీసిన్రు కదా ఆంటీ, అప్పుడే ఛాసిస్ వంగి ఉంటది" అన్నాడు.

"నేను తీసినంక బండి రెండు దిక్కుల సమంగ దిగింది బిడ్డా. మీరు పెట్టినంకనే ఒక దిక్కు ఒరిగింది."

మాట మాట పెరిగింది. మేనేజరు ఇంద్రసేన వచ్చాడు. పాతకాలపు హైదరాబాదు మనిషి, గొంతు పెంచడు. కుర్చీ వేయించాడు, చాయ్ తెప్పించాడు. అంతా విని, ఒక కాగితం టైపు చేయించి ముందు పెట్టాడు. రజని పైకి చదివింది. బండిలోని లోపాలన్నీ యజమాని సొంతంగా చేసుకున్న మార్పుల వల్లనే వచ్చాయి, సంస్థ మర్యాదపూర్వకంగా ఉచితంగా సరిచేస్తోంది, ఇకముందు ఎటువంటి బాధ్యతా లేదు. ఇదీ అందులోని సారాంశం.

"సంతకం పెట్టండమ్మా, సాయంత్రంలోపు చేసిచ్చేస్తాం" అన్నాడు ఇంద్రసేన.

"అన్ని లోపాలంటే? మీరు పెట్టిన కట్టలు గూడ నా లోపమేనా?"

"అది రాతలో మాటమ్మా. మీకు కావాల్సింది బండి బాగవడమే కదా."

"అమ్మా, ఫ్రీగ చేస్తమంటున్నరు. పెట్టేసెయ్" అన్నది రజని చిన్నగా. "జామీను నాది. బండి నడువకుంటే నన్నే అడుగుతరు."

అప్పుడే బిచ్చయ్య ఫోను చేశాడు. రవిచంద్ర బండి సగం జాగాలోకి వచ్చేసిందట. "పెద్దమ్మ బండి ఇగ రాదు" అని గిరాకీలకు చెబుతున్నాడట. "జల్ది రాయే. నేనొక్కన్ని ఎంతసేపని ఆపాలె?" అన్నాడు. యాదవ్వ గట్టిదే, కానీ భయం లేని మనిషేం కాదు. ఆ జాగా పోతే మళ్లీ తోపుడు బండితో వీధి వీధి తిరగాలి. పెన్ను చేతిలోకి తీసుకుంది. కాగితం మీద తన పేరు పెట్టాల్సిన చోటు చూసింది. నా తప్పు నేను నడిరోడ్డు మీద ఒప్పుకున్నాను, వీళ్ల తప్పు వీళ్లు చల్లటి గదిలో కూర్చుని కూడా ఒప్పుకోరా అనిపించింది. పెన్ను బల్ల మీద పెట్టి లేచింది.

షోరూము ముందు ఆ సమయానికి ఒక కొత్త ట్రక్కుకు పూజ జరుగుతోంది. బంతిపూల దండ వేసి, టైర్ల కింద నిమ్మకాయలు పెట్టి, జనార్దన్ అనే కూరగాయల వ్యాపారి పెళ్లాంపిల్లలతో ఫోటోలు దిగుతున్నాడు. యాదవ్వ తన బండిని తెచ్చి సరిగ్గా దాని పక్కన ఆపింది. పక్క తలుపు దించి పొయ్యి వెలిగించింది. సెక్యూరిటీ మనిషి పరుగెత్తుకొచ్చాడు.

"ఇక్కడ దోసెలు పోయొద్దమ్మా!"

"అమ్ముతలేను తమ్మీ. చూపెడుతున్న."

గరిటెతో పిండి వేసింది. అది ఎడమకు జారింది. ఇంకోటి వేసింది. జనార్దన్ భార్య కొబ్బరికాయ చేతిలో పట్టుకునే నిలబడిపోయింది. జనార్దన్ తన కొత్త బండినీ, ఒరిగిన ఈ బండినీ మార్చి మార్చి చూశాడు.

"ఏంది పెద్దమ్మా, గీ బండ్లు గిట్లనే ఒరుగుతయా?"

"బండి మంచిదే బిడ్డా. రంది పడకు, కొనుక్కో. ఖరాబ్ చేసుకున్నది నేనే. బాగ చేస్తమని గిట్ల చేసింది ఈళ్లు. ఖరాబైతె మాత్రం ఈళ్ల దగ్గరికి తేకు."

ఇంద్రసేన వచ్చేసరికి జనార్దన్ తాళాలు తీసుకోకుండా చేతులు కట్టుకుని నిలబడ్డాడు. మేనేజరు ఒక్క క్షణం యాదవ్వ ముఖం చూసి, వర్క్‌షాపు నుంచి పెద్ద మేస్త్రీని పిలిపించాడు. మేస్త్రీ బండి కింద పడుకుని చూసి, లేచి, చేతులు తుడుచుకుంటూ మేనేజరు చెవిలో ఏదో అన్నాడు.

"జర పెద్దగ చెప్పు నాయినా" అన్నది యాదవ్వ.

మేస్త్రీ మేనేజరు వైపు చూశాడు. ఇంద్రసేన నిట్టూర్చి తల ఊపాడు.

"ఎడమ దిక్కు వేరే మోడల్ కట్ట పడ్డదమ్మా. చిన్న బండిది" అన్నాడు మేస్త్రీ.

కాగితం మళ్లీ టైపు అయింది. ఈసారి యాదవ్వ దగ్గరుండి చెప్పి రాయించింది. పట్టీలు తీసింది యజమాని తప్పు, అదే మొదట రాయమన్నది. కొత్తవి వేసేటప్పుడు ఎడమ వైపు వేరే మోడల్ కట్ట వేసింది వర్క్‌షాపు తప్పు. ఇంద్రసేన తప్పు అనే మాట బదులు పొరపాటు అందామన్నాడు. "అయితే నాది గూడ పొరపాటే రాయి సారూ" అన్నది. రెండు చోట్లా తప్పు అనే ఉండిపోయింది. రజని చదివి వినిపించాక, కొంగుతో చేయి తుడుచుకుని సంతకం పెట్టింది. పొద్దు గుంకకముందే బండి నాలుగు టైర్ల మీద సమంగా నిలబడింది.

నాంపల్లి చేరేసరికి ఆఫీసులు వదిలారు. జాగాలో సగం దాకా రవిచంద్ర బండి ఉంది. దాని చక్రానికి ఆనుకుని, స్టూలు మీద, లేస్తే పోతుందన్నట్టు బిచ్చయ్య కూర్చుని ఉన్నాడు. యాదవ్వ బండిని వాళ్ల ముందుకు తెచ్చి ఆపింది. పక్క సీట్లోంచి దిగుతూ రజని జరిగిందంతా నాన్నకు చెప్పింది. రవిచంద్ర చెరకు గడలు సర్దుతూ అంతా విన్నాడు.

"ఎందుకు పెద్దమ్మా గింత లొల్లి?" అన్నాడు. "ఫ్రీగ చేస్తమన్నరంట కదా. సంతకం పెడితె పొద్దుగాలనే వస్తుంటివి."

"ఫ్రీగ చేస్తె నేను దండం పెట్టి రావాలె" అన్నది యాదవ్వ స్టీరింగు వదలకుండా. "తప్పు దిద్దిపిచ్చుకుంటె దండం అక్కరలేదు. ఇగ నీ బండి జరుపు."

"జరుపుత గని, జర మంచిగ అడుగరాదు పెద్దమ్మా."

"నా జాగా నేను మంచిగ అడుగుడేందిరా? జరుపు."

రవిచంద్ర జరిపాడు.