ఒక్క పోచ లేకుండా పీకిన నేల

మా చిన్నప్పుడు... మరీ పాతకాలమేం కాదు, తెలంగాణ వచ్చిన కొత్తల్లో... ఆదివారం తెల్లారిందంటే నాకు ఏడుపొచ్చేది. వాడలో పిల్లలంతా ఆటలకు పోతుంటే నాయిన నా నెత్తిన తట్ట పెట్టి గుట్ట కింది మా మెట్ట చెలకకు నడిపించేవాడు.

"ఇయ్యాల గా తుమ్మ మోడు దాకా రాళ్లు ఏరాలె బిడ్డా... జల్ది నడువ్."

ఎంత ఏరినా ఒడవని రాళ్లవి. ఈ వారం ఏరిన చోటే వచ్చే వారానికి మళ్లీ తేలేవి... కింద నుంచి ఎవరో పైకి తోస్తున్నారేమోనని నాకు అనుమానం.

మాది పోచంపల్లికి దగ్గర్లో ఊరు. అమ్మా నాయినా మగ్గం నేసేవాళ్లు. హైదరాబాద్ నుంచి మగ్గాలు చూడటానికి వచ్చినవాళ్లెవరో "రాత్రికి టెంటు వేసుకుని ఉండే చోటుంటే బాగుండు" అన్నారట. అంతే... నాయినకు అది పట్టుకుంది. చెలకలో పంట ఎలాగూ పండదు, టెంట్లన్నా వేద్దామన్నాడు.

అప్పటికే చేతి మగ్గానికి పని తగ్గి, మా వాడలో సగం మంది మగవాళ్లు మహారాష్ట్రలోని భివండి బట్టల మిల్లులకు వెళ్లిపోయారు. ఈ టెంట్ల జాగా నడిస్తే నాయిన మాతో ఉంటాడు... నడవకపోతే ఆయనా భివండి పోవాల్సిందే. అది నాకూ తెలుసు కాబట్టే ఏడుస్తూ అయినా తట్ట మోసేదాన్ని.

"జేసీబీని ఒక్క పూట పెట్టిస్తే ఒడుస్తది గదా అయ్యా!" అని అమ్మ మొత్తుకునేది.

"మన జాగాకు మన చేతులు సాలవా?" అనేవాడు నాయిన.

చాలలేదు... మా నడుములు పడిపోయాయి. రాళ్లయ్యాక ముళ్లకంప, కంపయ్యాక గడ్డి. మగ్గం మీద ఒక్క పోగు తప్పితే నేసినదంతా విప్పే మనిషి, నేల దగ్గర ఊరుకుంటాడా? ఈ చివర ఓ మేకు, ఆ చివర ఓ మేకు కొట్టి, మధ్యన దారం బిగించి, టెంట్లన్నీ ఒకే వరసలో రావాలని గీతలు గీశాడు. అడ్డొచ్చిన గరికంతా వేళ్లతో సహా పీకించాడు. ఆపైన దిమ్మిసతో నేలను దబదబా కొట్టి చదును చేశాడు. అమ్మతో పేడనీళ్లు చల్లించి ఊడ్పించాడు కూడా!

చేతులు మండుతుంటే ఒకసారి అడిగాను. "గడ్డి ఉంటే ఏమైతది నాయినా?"

"పట్నపోళ్లు వస్తరు బిడ్డా. పురుగూ బూశికి భయపడ్తరు. మనింటి వాకిలి లెక్క సాపుండాలె."

తొలకరి రోజుల్లో మొదటి గిరాకీ వచ్చింది. రెండు కుటుంబాలు, చిన్న పిల్లలు. నాయిన ఇస్త్రీ చొక్కా వేసుకుని ఎదురెళ్లాడు. కారు దిగిన ఆవిడ అటూ ఇటూ చూసి, "ఇక్కడ గడ్డీ అదీ ఏం లేదా అండీ? పిల్లలు ఆడుకుంటారని వచ్చాం..." అంది.

"ఒక్క పోచ లేదమ్మా! మొత్తం మేమే పీకినం!" అన్నాడు నాయిన, మురిసిపోతూ.

నాకు ఎక్కడైనా దాక్కోవాలనిపించింది...

ఆ నేలలో టెంటు మేకు దిగితే ఒట్టు. చివరికి తాళ్లు రాళ్లకు కట్టాం. సాయంత్రం వాన పడింది. వాలు లేని నేల కదా, నీళ్లు ఎటూ పోలేదు... పిల్లలు నాలుగడుగులు వేసేసరికి అంతా జారుడు బురద. చీకటి పడకముందే అందరూ కారెక్కారు. పాపం, ఒక్క మాటా అనలేదు.

అనాల్సింది అమ్మే అంది. "వాళ్లకు వాకిళ్లు లేవా? వాకిలి చూడనీకి గింత దూరం వస్తరా అయ్యా?"

తర్వాత వచ్చిన ఒకరిద్దరూ అలాగే వెళ్లిపోయారు. దసరా కాగానే నాయిన భివండి బస్సెక్కాడు. ఎక్కినవాడు కిటికీలోంచి ఏం చెప్పాడో తెలుసా... "గడ్డి పెరగనియ్యకుండ్రి!" నాకు ఎంత ఒళ్లు మండిందంటే ఏడవడం కూడా మర్చిపోయాను.

"నాకు మగ్గం పనే ఒడుస్తలేదు, గా గడ్డి ఎవరు పీకాలె!" అని అమ్మ అటు పోవడమే మానేసింది. నాయిన ఫోన్ చేసి అడిగితే మాత్రం "ఆ, పీకినం" అనేవాళ్లం.

మరుసటి వానాకాలానికి మోకాళ్ల దాకా గడ్డి... గట్ల మీద తంగేడు పూసింది. బైకుల మీద వచ్చిన కాలేజీ పిల్లలు అమ్మనడిగి, నచ్చిన మూల టెంట్లు వేసుకున్నారు. వాళ్ల ఫొటోలు చూసి ఇంకొందరు వచ్చారు. టెంటు పట్టే మేరకు అమ్మ కొడవలితో కోసి, చుట్టూ నీళ్లు పోయేలా చిన్న కాలువ తీసేది. మిగతాది దాని మానాన దాన్ని వదిలేసేది.

ఇంకో వానాకాలం గడిచాక, "ఇగ వచ్చెయ్ అయ్యా... జాగా నడుస్తాంది" అని అమ్మ ఫోన్ చేసింది.

నాయిన బస్సు దిగి, భుజం మీది సంచీతోనే చెలకకు వచ్చాడు. గడ్డిని చాలాసేపు చూశాడు. పీకడానికి వంగాడు... ఆగిపోయాడు.

"నేనుంటె గిది పెరగనియ్యకపోతుంటి" అన్నాడు మెల్లగా.

ఇప్పుడు నాయినే అన్నీ చూసుకుంటాడు. కాలువలు తీస్తాడు, చిరిగిన టెంట్లు కుడతాడు. ఎవరూ లేనప్పుడు ఓ మూల కూర్చుని గడ్డి పీకుతూ దొరికిపోతాడు... అమ్మ కేకలేస్తుంది, నేను తల పట్టుకుంటాను. ఈ మనిషి మారడు!

వచ్చినవాళ్లంతా ఆ గడ్డిలో నిలబడి ఫొటోలు దిగి, ఎంత బాగుందో అంటారు. అవును, బాగుంది... నాకు మాత్రం దాన్ని చూస్తే నాయిన ఇంట్లో లేని ఆ రెండేళ్లే గుర్తొస్తాయి.

మీ ఇంట్లో కూడా ఒక మనిషి దూరమైతే గానీ బాగుపడని పని ఏదైనా ఉందా? ఉంటే చెప్పండి... ఇది మా ఒక్క ఇంట్లోనే జరిగిందంటే ఎందుకో తట్టుకోలేకపోతున్నాను.