పన్నెండో గడి

టీచరు ఉద్యోగానికి ఎంపికైనవాళ్ళు నింపి ఇవ్వాల్సిన ఫారంలో పన్నెండో గడి ఇలా అడిగింది: "మీరు ఎప్పుడైనా అరెస్టు చేయబడ్డారా? నిర్బంధించబడ్డారా? అయితే కేసు నంబరు, కోర్టు వివరాలు రాయండి." నేను తెలుగు పండిట్ శిక్షణ పూర్తి చేసినవాణ్ణి. ముందుగా నాకు చిరాకు తెప్పించింది ఆ 'బడ్డారా'. చేసినవాడు వాక్యంలో కనపడకుండా తప్పించుకోవడానికి అంతకన్నా మంచి ఏర్పాటు లేదు. అయినా మా కొండల మీద ఆ పనికి వాడే మాటే వేరు. మమ్మల్ని ఎవరూ అరెస్టు చెయ్యరు. పిలుస్తారు.

తొంభైల చివర్లో అరకు సంతలో మమ్మల్నీ అలాగే పిలిచారు. మమ్మల్ని అంటే నన్నూ, మా అక్క మొగుణ్ణీ. బావ పిప్పళ్ళు అమ్మేసి, అక్కకి చీర చూపిస్తున్నాడు. ఒక కానిస్టేబులు వచ్చి మర్యాదగానే, "ఎస్సైగారు పిలుత్తన్నారు, ఓపాలి రండి" అన్నాడు. "బేగి వచ్చేత్తాం, నువ్వు జీపులో సీటు సూసుకో" అని బావ అక్కకి చెప్పాడు. మా కాళ్ళతో మేమే నడిచి వెళ్ళాం.

అడవిలో తిరిగే అన్నలకి ఎవరెవరు అన్నం పెడుతున్నారో చెప్పమన్నారు. తెలిసిందీ చెప్పాం, తెలియనిదీ చెప్పాం. నాలుగో రోజు పొద్దున బావని పక్కగదిలోకి తీసుకెళ్ళారు. మధ్యాహ్నం నేను అడిగితే, "ఒగ్గేసినాం, ఎల్లిపోనాడు" అన్నారు. నన్ను మొత్తం పదకొండు రోజులు ఉంచారు. మిగిలిన ఆ వారం రోజులూ వరండా ఊడ్చాను, నూతిలో నీళ్ళు తోడాను. భయం వేసిందా అని ఎవరైనా అడిగితే ఇప్పటికీ ఏం చెప్పాలో తెలియదు. నీళ్ళు తోడటం మాత్రం బాగా గుర్తుంది.

బావ ఇంటికి రాలేదు.

అక్క స్టేషను చుట్టూ తిరిగింది. ఆ పేరుగల మనిషిని తామెప్పుడూ చూడలేదన్నారు. మా వాళ్ళలో మారుమనువు తప్పు కాదు, అక్కకి అప్పటికి ఇరవై ఆరేళ్ళు. చేసుకుంటామని ఇద్దరు అడిగారు కూడా. కానీ మొగుడు ఉన్నాడో పోయాడో తేలనిదే దినం చెయ్యరు, దినం చెయ్యనిదే మనువు లేదు. ఊరి పెద్దలు అంతవరకే చెప్పి లేచి వెళ్ళిపోయారు. అక్క తిరగట్లో చోళ్ళు విసురుకుంటూ అలాగే ఉండిపోయింది. నువ్వొక్కడివే ఎలా వచ్చావని నన్ను ఒక్కసారి కూడా అడగలేదు. అడిగితే బాగుండేది.

నాకు ఫారం వచ్చినరోజున అక్కకి పన్నెండో గడి చదివి వినిపించాను. అక్క చేస్తున్న పని ఆపేసి దగ్గరికొచ్చి కూర్చుంది.

"రాయిరా తమ్ముడా. నువ్వూ మీ బావా ఆడ ఉన్నారని రాయి. గవుర్మెంటు కాయితం మీద ఒక్క సోట ఉంటే సాలు. అప్పుడు నానడుగుతాను, మరి మనిసేడీ అని."

'అవును' అని రాశాను. చోటు చాలక అంచుల్లో కూడా రాశాను, బావ పేరుతో సహా. ఆఫీసులో గుమాస్తా అది చదివి ఫారం నా ముందుకే తోశాడు.

"కేసు నంబరేదయ్యా?"

"కేసు పెట్టలేదండి."

"మరి అరెస్టెలా అయ్యింది?"

"పిలిచారండి."

ఆయన పక్కబల్ల ఆయన వైపు చూసి నవ్వాడు. "పిలిస్తే వెళ్ళడం కూడా అరెస్టేనా? స్టేషన్లో రాయించుకురా. వారంలో తేకపోతే నీ తరవాత నంబరువాడికి ఇచ్చేస్తారు."

స్టేషనుకి వెళ్ళాను. అక్కడ పుస్తకాలు రాసే హెడ్ కానిస్టేబుల్ని అందరూ రైటరు అంటారు. ఆయన ఆ ఏడాది పుస్తకం తీసి వేలు పెట్టి ఓపిగ్గా చూశాడు. నా పేరు లేదు. బావ పేరు లేదు. పుస్తకం మూసి, నా మొహం చూసి, ఒక్కసారిగా నవ్వాడు.

"నువ్వు నూతికాడ నీలు తోడీవోడివి కాదేటి? గుంటడివి అప్పుడు. మేస్టరీ ఒచ్చిందేటి? బాగుంది, బాగుంది."

దొంగ నవ్వు కాదు, నిజంగానే సంతోషించాడు.

"అయితే నేనిక్కడున్నట్టు రాసివ్వండి" అన్నాను.

"అరెస్టు సేస్తే పుస్తకంలో ఉంటాది. పుస్తకంలో నేదంటే సెయ్యనేదన్నమాట. ఉజ్జోగం పోగొట్టుకోకు. నేదని రాసీ."

టీ తెప్పించాడు. తాగాను. కోపం రావాల్సిన సమయం అది, నాకూ తెలుసు. రాలేదు. టీలో పంచదార ఎక్కువైందనుకున్నాను.

కొత్త ఫారం తీసుకుని, పన్నెండో గడిలో 'లేదు' అని గుండ్రంగా రాసి ఇచ్చాను. కింద అచ్చులో, ఇందులో ఏదైనా అబద్ధమని తేలితే ఉద్యోగం నుంచి తీసేస్తామని ఉంది. దాని కింద సంతకం పెట్టాను.

"రాసినావా?" అంది అక్క.

"రాశాను" అన్నాను.

ఆ పూట అక్క కోడిని కోసింది. నాకు సిగ్గేసింది. ఉద్యోగం చేజారలేదని లోపల్లోపల సంబరంగానూ ఉంది. రెండుసార్లు పెట్టించుకుని తిన్నాను.

ఆశ్రమ పాఠశాలలో చేరాను. పిల్లలకి సంధులు చెప్పాను, కర్మణి వాక్యాలు చెప్పాను. అక్క సంతలో కనిపించినవాళ్ళందరికీ, "మా తమ్ముడు గవుర్మెంటు కాయితంలో రాసినాడు" అని చెప్పుకునేది. నేను పక్కనే ఉండేవాణ్ణి. ఏళ్ళు గడిచేకొద్దీ ఆ మాట నాకు వినపడటం మానేసింది.

కొన్నేళ్ళకి, కనపడకుండా పోయినవాళ్ళ గురించి విచారించడానికి పైనుంచి ఒక అధికారి వస్తున్నాడని కబురొచ్చింది. అక్క నాతో చెప్పకుండానే ఎవరిచేతనో అర్జీ రాయించింది. సాక్ష్యం ఏమిటంటే, మా తమ్ముడి ఉద్యోగం కాగితం తీసి చూడండి అని రాయించింది. ఆ కాగితం తెప్పించుకుని నన్నూ రమ్మన్నారు. ఇద్దరం ఒకే జీపులో వెళ్ళాం. దారిలో చెప్పేద్దామనుకున్నాను. ఘాటీ మలుపులన్నీ అయిపోయాయి. ఆఫీసు వచ్చేసింది.

అధికారి మంచివాడు. అక్కకి కుర్చీ వేయించి, ఆమె చెప్పిందంతా విన్నాడు. తర్వాత నా ఫైలు తెరిచి పన్నెండో గడి చదివాడు. ఇంకోసారి చదివాడు.

"అమ్మా, తననెవరూ పట్టుకోలేదు, ఎక్కడా ఉంచలేదని మీ తమ్ముడు రాసిచ్చాడు."

అక్క, "సరిగ్గా సూడండి బాబూ" అంది.

ఆయన ఫైలు నా వైపు తిప్పాడు. "ఈ సంతకం మీదేనా మేస్టారూ?"

"నాదేనండి."

"రాసింది నిజమేనా? ఆలోచించి చెప్పండి. అబద్ధం రాశానంటే ఏమవుతుందో మీకు తెలుసు."

సంతకం పైనున్న అచ్చు చదివాను. ఇంట్లో ఇద్దరు పిల్లలు. బావ గుర్తొచ్చాడని చెప్పాలని ఉంది, కానీ ఆ క్షణంలో నాకేమీ గుర్తురాలేదు.

"నిజమేనండి" అన్నాను.

అక్క తిట్టలేదు, ఏడవలేదు. బయట జీపు కోసం నిలబడ్డప్పుడు నా చొక్కా చెయ్యి పట్టుకుని, నిజంగానే తెలుసుకోవాలన్నట్టు అడిగింది.

"నాను సూస్తుండగా కదరా నువ్వూ ఆడూ కలిసి నడిసినారు. మరైతే మీ బావ ఎక్కడికెల్లినాడ్రా?"