దీక్ష మీద దీక్ష

మా ఆయన ఆ ఏడు అయ్యప్ప దీక్ష తీసుకుంటే సంతోషించాను. శబరిమల నుంచి వచ్చి మాల తీశాడో లేదో శివదీక్ష పట్టాడు. శివరాత్రి దాటాక నాలుగు రోజులు మామూలుగా తిరిగి, హనుమాన్ దీక్షలోకి వెళ్లాడు. దీక్షంటే భార్యకు దూరంగా ఉండాలి, నేల మీద పడుకోవాలి, చెప్పులు వేసుకోకూడదు. నారాయణపేటలో మా వాడకట్టంతా ఆయన భక్తిని మెచ్చుకుంది. నాకు మాత్రం కట్టుకున్నవాణ్ణి స్వామీ స్వామీ అని పిలిచి పిలిచి విసుగొచ్చింది. మరుసటేడూ అదే వరస.

దీక్షకూ దీక్షకూ మధ్య నేను దగ్గరికి జరిగితే, "జర పానం బాగలేదే" అని గోడవైపు తిరిగేవాడు. నేను మొహం మొత్తాననుకున్నాను. ఉండబట్టలేక మా అత్త ముందు గొణిగితే, "దేవుని సేవల ఉన్నోన్ని గట్ల సతాయిస్తవా?" అంది. సిగ్గుతో చచ్చిపోయాను. మళ్లీ ఎవరి దగ్గరా ఆ మాట ఎత్తలేదు.

ఆ రెండో ఏడు ఎండాకాలం హనుమాన్ దీక్షలో ఉండగా, పొద్దున పూజయ్యాక అందరం వరసగా ఆయన కాళ్లు మొక్కుతున్నాం. నేను వంగేసరికి గుప్పుమని వాసన. పాదం ఎత్తి చూస్తే అరికాలు బొబ్బలు పగిలి చీము పట్టింది. రెండు వేళ్లు నల్లబడ్డాయి.

"ఇదేంది స్వామీ, నొస్తలేదా?"

"ఏది?" అన్నాడు. తారురోడ్డు మీద గుడికి నడిచి కాల్చుకున్న సంగతి ఆయనకు నిజంగానే తెలియదు.

మహబూబ్‌నగర్ దవాఖానలో రక్తం పరీక్ష చేసి, షుగర్ బాగా ముదిరిందన్నారు. మా ఆయన గుంట మగ్గం మీద చీరలు నేస్తాడు. కాళ్లతో తొక్కితేనే మాకు బువ్వ. "కాలు దక్కుతదా సారూ?" అని డాక్టర్ని పట్టుకుని ఏడ్చాను. వేళ్లు పోతాయి, పాదం కాపాడదాం అన్నాడాయన. తర్వాత గొంతు తగ్గించి, "ఆలుమగల సంసారంలో ఏమైనా ఇబ్బంది ఉందా? ఎన్నాళ్లుగా?" అని అడిగాడు.

"రెండేండ్లాయె సారూ," అని నేనే చెప్పాను.

"అప్పుడే రావాల్సింది. షుగర్ ముందు సన్న రక్తనాళాలనీ నరాలనీ పాడు చేస్తుంది. మగవాళ్లకి చాలాసార్లు అక్కడే మొదట తెలుస్తుంది. తర్వాత కాళ్లు, గుండె. అప్పుడే వచ్చి ఉంటే ఈ వేళ్లు పోయేవి కావేమో."

వేళ్లు తీశారు. పాదం దక్కింది. కట్టు వంక చూస్తూ పడుకుని అన్నాడు మా ఆయన.

"నాతోని అయితలేదని తెలిస్తే నువ్వు పుట్టింటికి పోతవనుకున్న. అందుకే దీక్షలు పట్టిన. నువ్వు సుత ఒక్కనాడన్న గట్టిగ అడగకపోతివి."

కోపం చేసుకునే ఓపిక కూడా లేదు నాకు.

"భయమైంది," అన్నాను. "నన్నొద్దంటవేమోనని."