అత్తయ్యగారు చుట్టిన కాయిల్

సెల్‌ఫోన్లు ఇంకా అందరి చేతుల్లోకి రాని రోజులు. రాజమండ్రిలో ఫిజిక్స్ లెక్చరర్‌గా ఉండేవాణ్ణి. నాకున్న పిచ్చి ఒక్కటే, ఇంట్లో జానెడు మెరుపు పుట్టించే కాయిల్ తయారుచెయ్యడం. నడుమెత్తు గొట్టం మీద సన్నని రాగి తీగ వెయ్యి చుట్లు చుట్టి, కింద కరెంటు ఇస్తే పైన మెరుపు రావాలి. తీగ ఎక్కడైనా దొరుకుతుంది. ప్రాణం తీసేది గొట్టమే.

మొదటిది బట్టల కొట్టు నుంచి తెచ్చిన అట్ట గొట్టం. మా గోదావరి వానలకి డబ్బాలో అప్పడాలే మెత్తబడతాయి, అట్ట ఒక లెక్కా? చెమ్మకి ఉబ్బి, ఎండకి చిక్కి, చుట్లన్నీ వదులు చేసేసింది. రెండోది మా బావమరిది రొయ్యల చెరువులో ఉప్పునీళ్ళకి నానిన పైపు. ఉప్పు ఉంటే కరెంటు దారి తప్పుతుంది. మూడుసార్లు కడిగి, పోయిందో లేదోనని నాలుకతో నాకి చూశాను.

"ఏంటండీ మాస్టారూ, ఇవాళ టిఫిన్ పెట్టలేదా?" అన్నారు పక్కింటాయన గోడ మీంచి.

ఉప్పు పోలేదు, పరువు పోయింది. మా ఆవిడ చివరి మాట చెప్పేసింది: "మూడోది కూడా పనిచెయ్యకపోతే మొత్తం పాత సామాన్లవాడికి ఇచ్చేస్తానండీ."

మూడోది కొత్త తెల్ల పైపు. వారం రోజులు డాబా మీద ఎండబెట్టి వార్నిష్ పూశాను. చుట్టడం దగ్గర మళ్ళీ మొదలైంది గోల. చుట్టు మీద చుట్టు ఎక్కకూడదు, మధ్యలో సందు ఉండకూడదు. నా చేతిలో రెండూ జరిగాయి. అప్పటికి నరసాపురం నుంచి మా అత్తగారు వచ్చి ఉన్నారు. చిన్నప్పటి నుంచీ లేసు అల్లిన చెయ్యి. అల్లుడి ఎదుట ఎన్నడూ కూర్చోని మనిషి, రెండ్రోజులు తలుపు చాటు నుంచి చూసి ఇక ఆగలేకపోయారు.

"తప్పుగా అనుకోకండి అల్లుడుగారూ. పట్టు వదులవుతోందండి. ఇలా ఇవ్వండి."

మూడు మధ్యాహ్నాల్లో వెయ్యి చుట్లూ పూర్తి. వేలితో తడిమితే అద్దంలా ఉంది. అంత అందమైన వస్తువు నా జన్మలో చెయ్యలేదు, చెయ్యలేను కూడా.

స్విచ్ వేసే రోజు స్నానం చేసి వచ్చి చూద్దును కదా, అత్తగారు కాయిల్‌కి పైనుంచి కిందదాకా గడపకు రాసినట్టు ఒక గీతలా తడి పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టారు. తడి పసుపులోంచి కరెంటు పోతుందని పాఠం చెప్పేవాణ్ణి నేనే. తుడవాలి. కానీ అత్తగారు పెట్టిన బొట్టు అల్లుడు తుడవడమా? పేపరుతో విసిరి ఆరబెట్టి, దేవుడి మీద భారం వేసి స్విచ్ నొక్కాను.

మెరుపు పైకి రాలేదు. బొట్టు బొట్టుకీ ఆగుతూ పసుపు గీత మీదుగా పాకింది. చిటపటలు, కమురు వాసన. ఫ్యూజు ఎగిరింది.

"పైపే మంచిది కాదు," అన్నాను నేల చూస్తూ. మా ఆవిడ చెప్పులు వేసుకుంది, పాత సామాన్లవాణ్ణి పిలవడానికి.

అత్తగారు వంగి కాయిల్ మీది నల్ల చారను వేలితో పైనుంచి కిందికి తడిమి చూశారు. "ఇది నేను పసుపు రాసిన చోటే కదండీ? ముందే తెలుసు కదండీ మీకు?"

సిగ్గుతో చచ్చిపోయాను. ఆవిడ మొదటిసారి నా ఎదురుగా పీట వాల్చుకుని కూర్చున్నారు.

"చెప్పులు విప్పవే," అన్నారు కూతురితో. "నా ప్రయాణం పై వారానికి మార్పించు. అల్లుడుగారూ, ఇంకో పైపు తెచ్చుకోండి. ఈసారి మీరు వద్దంటే బొట్టు పెట్టనండి. కానీ వద్దని నోరు తెరిచి చెప్పాలి మరి."