ఒక్క హల్లు తేడా

మా ప్రూఫుల మాస్టారి చేతికి ఏ కాగితం ఇచ్చినా ముందు అందులో తప్పులు వెతుకుతారు. మందుల చీటీ కానివ్వండి, కరెంటు ఆఫీసు నోటీసు కానివ్వండి, జేబులోంచి ఎర్రపెన్ను బయటికి రావలసిందే. నేను కళ్ళద్దాల దుకాణంలో చూపు పరీక్షిస్తాను. ఆయన మొదటిసారి వచ్చినప్పుడు గోడమీది అక్షరాల అట్ట చదవమంటే, చదవడం మానేసి కింది వరుసలో ఒక అక్షరానికి తలకట్టు అరిగిపోయిందని చెప్పారు. పరీక్ష నాది, మార్కులు వేసింది ఆయన. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ మరుసటి ఆదివారానికల్లా ఆయన వెనక కొండల్లో సైకిలు తొక్కుతున్నాననుకోండి, అది వేరే సంగతి.

ఆయన పనిచేసేది అచ్చాఫీసులో. మెషిన్ల వెనక కిటికీ లేని చిన్న గది, మెడ వంచిన బల్లదీపం, మెడ వంచిన ఆయన. గోడకు రెండు కొక్కేలు, వాటికి వేలాడుతూ లావు టైర్ల కొండ సైకిలు. ఆ గదిలో సిరా వాసనా, గొలుసుకు రాసే నూనె వాసనా కలిసిపోయి ఉంటాయి. సైకిలు ఇంట్లో పెట్టుకోవచ్చు కదా అని అడిగితే, "ఇది ఎదురుగా ఉంటే సోమవారం కూడా ఆదివారంలా ఉంటుందమ్మా" అన్నారు. ఆ సైకిలును వేరేవాళ్ళు ముట్టుకుంటే ఊరుకోరు. గాలి కూడా తనే కొట్టుకోవాలి.

ఊరి వెనక కొండల మీద పాతకోట ఒకటుంది. సగం కూలిన ప్రాకారం, గుర్రాలను కట్టే పాగాలు, కాపలా బురుజులు, లోయ మీద ఒక రాతి వంతెన. ఆదివారం పొద్దున్నే అయిదారుగురిని వెంటబెట్టుకుని మాస్టారు ఆ దారుల్లో తిప్పుతారు. ఎక్కడ ఆగితే అక్కడో కథ. కథ సగం నిజమైతే మిగతా సగం ప్రాస. ప్రాస కుదరకపోతే ఆ మనిషికి ముద్ద దిగదు.

ఆయన పెట్టిన నియమం కూడా ప్రాసతోనే ఉండేది. దారి చీలినచోట పక్కకు తిరగాల్సి వస్తే ఆయన వెనకే ఉన్న మనిషి ఆగిపోవాలి. చివరి మనిషి వచ్చేదాకా అక్కడే నిలబడి, ఎటు తిరగాలో చెయ్యి చూపించాలి. చీలిక దగ్గర ఎవరూ లేకపోతే, తిరగక్కర్లేదు, నేరుగా వచ్చెయ్యమని అర్థం. మనిషిని నిలబెట్టాలంటే మాస్టారు "ఆగు" అని అరుస్తారు. అక్కర్లేదంటే "సాగు" అంటారు.

"అచ్చుతో ఆగు, హల్లుతో సాగు. ఎంత ముద్దుగా కుదిరిందో చూశారా?" అని కొత్తగా వచ్చిన ప్రతివాళ్ళకీ చెప్పి మురిసిపోయేవారు. మేం కూడా ఆహా అన్నాం. ఒక్క హల్లు తేడా మీద మనుషుల ప్రాణాలు ఆధారపడి ఉన్నాయని, జీవితమంతా ఒక్కో అక్షరాన్ని పట్టుకుని దిద్దిన ఆ మనిషికి తట్టలేదు. రోజూ చూపు మసకబారినవాళ్ళతో వేగే నాకూ తట్టలేదు.

ఆ ఆదివారం పిన్నిగారు మొదటిసారి మాతో వచ్చారు. పిన్నిగారంటే మాస్టారి భార్య. మోకాళ్ళ నొప్పులకు డాక్టరు సైకిలు తొక్కమంటే, యాభై రెండేళ్ళ వయసులో అచ్చాఫీసు పెరట్లో కాగితం కట్టల మధ్య మూడు నెలలు నేర్చుకున్నారావిడ. మా వెనక ఎప్పుడూ చివర్న వచ్చే ఎలక్ట్రీషియన్ గారి సైకిలు గొలుసు పాగాల దగ్గరే తెగింది. ఆయన సైకిలు నడిపించుకుంటూ వెనక్కి వెళ్ళిపోయారు. మిగిలింది మాస్టారు, నేను, బ్యాంకులో పనిచేసే అన్నదమ్ములిద్దరు, పిన్నిగారు.

"చివర్న నేనుంటాలెండి. నా వెనక ఎవరైనా ఉంటే నాకు కంగారు" అన్నారు పిన్నిగారు.

మాస్టారు ఒక్క క్షణం తటపటాయించారు. "మలుపులో మనిషి చెయ్యి చూపిస్తే అటు రా. మనిషి లేకపోతే నేరుగా వచ్చెయ్. అంతే."

"నేనేం చిన్నపిల్లనా? పదండి."

పెద్ద బురుజు దగ్గర దారి చీలుతుంది. నేరుగా వెళ్ళేది పాత రాజమార్గం, వెడల్పుగా, నున్నగా, వంతెన మీదికి దిగుతుంది. ఆ వంతెన నడిమి కమాను ఎప్పుడో కూలిపోయింది. నడుం ఎత్తుగా కట్టిన వంతెన కావడంతో, పైకి ఎక్కేదాకా ఆ ఖాళీ కనిపించదు. అందుకే మొదట్లో అడ్డంగా ఒక దుంగ కట్టి ఉంచారు. మేం పోవలసింది కుడివైపు, గోడ వెంట సన్నని కాలిబాట. అది లోయ చుట్టూ తిరిగి వంతెన అవతలి ఒడ్డుకు చేరుతుంది.

ఆ రోజు బురుజు దగ్గర గాలి విపరీతంగా ఉంది. గోడల్లోని బాణాల కంతల్లోంచి దూసుకొస్తోంది. ఆ గాలికి వచ్చింది ఒకటే అక్షరం, స్స్స్ అని. మాస్టారు కుడివైపు తిరుగుతూ వెనక్కి చూడకుండా అరిచారు. నాకు "సాగు" అని వినిపించింది. ఇక్కడ సాగమనడం ఏమిటని లోపల చిన్న అనుమానం కదలకపోలేదు. కానీ మా ముగ్గురిలో ఎవరూ ఆయన మాటను తిరిగి అడిగినవాళ్ళు కాదు. సాగిపోయాను. నా వెనకే అన్నదమ్ములు.

పావుగంట తర్వాత అవతలి ఒడ్డున మాస్టారు సైకిలు ఆపి వెనక్కి తిరిగారు. నన్ను చూడగానే ఆయన మొహంలో రంగు మారింది.

"కళ్ళద్దాలూ, నువ్విక్కడున్నావేంటి?"

"మీరే కదా సాగమన్నారు?"

"నేనా? ఆగమన్నాను!"

లోయ అవతల బురుజు వైపు చూశాను, పిన్నిగారు ఇంకా రాలేదు. అన్నదమ్ముల్లో తమ్ముడు ఫోను తీశాడు, సిగ్నల్ లేదు. అన్న లోయ అవతలికి చెయ్యి చాపి, "దుంగ... దుంగేది?" అన్నాడు. వంతెన మొదట్లో దుంగ లేదు. మొన్నటి గాలివానకు ఊడి, పక్కన గడ్డిలో పడి ఉంది.

అప్పుడే బురుజు మలుపులో ఎర్ర హెల్మెట్ కనిపించింది. పిన్నిగారు చీలిక దగ్గర ఆగి, కుడివైపు చూశారు, ఎడమవైపు చూశారు. ఎవరూ లేరు. నేనుండాల్సిన చోట నేను లేను. ఆవిడ నేరుగా రాజమార్గం పట్టారు.

వెనక్కి వెళ్ళి అడ్డుపడాలంటే పావుగంట. ఆవిడ వంతెన ఎక్కడానికి ఒక్క నిమిషం చాలు. మాస్టారు సైకిలుతో సహా మా వైపు మిగిలిన సగం వంతెన మీదికి ఉరికారు. అంచుదాకా వెళ్ళి దిగి, గుండెలో ఉన్న ఊపిరంతా పెట్టి అరిచారు.

"ఆగు!"

పిన్నిగారు తలెత్తారు. మమ్మల్ని చూశారు. చెయ్యి ఊపి, ఇంకా గట్టిగా తొక్కడం మొదలుపెట్టారు.

"ఆగూ! ఆగూ!"

ప్రతి అరుపుకీ వేగం పెరుగుతోంది. అన్నదమ్ములు రెండు చేతులూ పైకెత్తి గెంతారు. ఆవిడ ఉత్సాహపరుస్తున్నారనుకున్నట్టుంది, గంట మోగించారు. నేను "వెనక్కి, వెనక్కి" అని గొంతు పగిలేలా అరిచాను. లోయలో గాలి నా మాటను తుంచి ఎటో విసిరేసింది. దిగుడు మొదలైంది. సైకిలు దానంతటదే పరిగెడుతోంది. నాకు కళ్ళు మూసుకోవాలనిపించింది, మూతపడలేదు.

మాస్టారు అరవడం ఆపేశారు. తర్వాత తన సైకిలును రెండు చేతులతో తలమీదికి ఎత్తి, ఆ ఖాళీలోకి విసిరేశారు.

అది రాళ్ళకు కొట్టుకుంటూ పోయింది. ఒకసారి, రెండుసార్లు, చివరికి అడుగున పడ్డప్పుడు లోయ మొత్తం దద్దరిల్లింది. పిన్నిగారు ఉలిక్కిపడి రెండు బ్రేకులూ బిగించేశారు. వెనక చక్రం పక్కకు జారింది. మనిషీ సైకిలూ కలిసి వంతెన నడుం మీద దొర్లి, పిట్టగోడకు తగిలి ఆగారు. ఆవిడ ముందు చక్రానికీ ఆ ఖాళీకీ మధ్య నాలుగడుగుల రాతి నేల మిగిలింది.

ఎవరం కదల్లేదు. ముందు ఆవిడే కదిలారు. మోచెయ్యి దులుపుకుంటూ కూర్చున్నారు. మాస్టారి పక్కకు వెళ్ళి, "తప్పు నాదండీ. మలుపు వదిలేసింది నేను" అన్నాను. ఏడుపు ఆగలేదు.

ఆయన నా వైపు చూడలేదు. "నీకూ అలాగే వినిపించింది, ఆవిడకూ అలాగే వినిపించింది. ఇద్దరికీ ఒకేలా వినిపిస్తే తప్పు చదివినవాళ్ళది కాదమ్మా. రాసినవాడిది."

అవతల పిన్నిగారు లేచి ముందుకు చూశారు. అప్పుడు కనిపించింది ఆవిడకు ఆ ఖాళీ. ఉన్నచోటే కూలబడిపోయారు. మధ్యలో పట్టుమని పదడుగులు లేవు కాబట్టి ఆవిడ గొంతు ఇటు స్పష్టంగానే వినిపించింది.

"ఏమండీ, ఎందుకలా అరిచారు?"

"ఆగమన్నాను" అన్నారు మాస్టారు.

పిన్నిగారు మెల్లగా, చిన్నపిల్లలు తప్పు ఒప్పుకున్నట్టు అన్నారు. "దిగుడంటే నాకెంత భయమో మీకు తెలుసుగా. దారి పొడుగునా బ్రేకులు పట్టుకునే వచ్చాను. అటునుంచి మీరు సాగు, సాగు అంటుంటే, మీకు కనిపిస్తోంది కదా, బాగానే ఉండి ఉంటుందిలే అనుకుని... వదిలేశాను."

మాస్టారు అరచెయ్యి కిందికి చూపిస్తూ, కూర్చో అన్నట్టు, తను కూడా అంచున కూర్చున్నారు. మేం లోయ చుట్టూ తిరిగి ఆవిడ దగ్గరికి చేరేదాకా ఆయన ఆ చెయ్యి దించలేదు.