పదకొండుకు వచ్చి మూడుకు పోయే సాయిబు

"పుణ్యముంటాది, ఆ అంచు కాస్త నొక్కి పట్టుకో సామీ. అల్లా నాకు రెండు చేతులే ఇచ్చినాడు."

నెల్లూరు నుంచి తోటపల్లి గూడూరు పోయే రోడ్డు మీద, సగం దూరం దాటాక, తాటిచెట్టు సన్నని నీడలో కూర్చున్న మనిషి నన్ను పలకరించిన తీరు అది. నేనెవరినో, ఎక్కడికి పోతున్నానో అడగలేదు. ఆయన ముందు సైకిలు తలకిందులుగా నిలబడి ఉంది. వెనక చక్రం టైరు ఒకవైపు ఊడదీసి, లోపల ట్యూబు ఉండాల్సిన చోట వరిగడ్డి కూరుతున్నాడు. గడ్డిని తడిపి, తాడులా మెలిపెట్టి, బొటనవేళ్ళతో లోపలికి తోస్తున్నాడు. నేను వంగి అంచు నొక్కి పట్టుకున్నాను.

గడ్డితో కప్పిన ఇళ్ళలో పడుకున్నాను. గడ్డి కూరిన దూడతోలును నాకుతూ పాలు చేపే బర్రెలను చూశాను. గడ్డితో నడిచే సైకిలును చూడటం మాత్రం అదే మొదలు.

"ట్యూబు ఏమైంది?" అన్నాను.

"మూడుచోట్ల అతుకులు. నాలుగోది వాల్వు మొదట్లో చిరిగింది. ఆడ అతుకు నిలవదు." తల ఎత్తకుండానే అన్నాడు. "పొద్దెంతైంది సామీ?"

నా దగ్గర గడియారం ఉండేది కాదు. నీడను చూసి తొమ్మిది దాటిందన్నాను. ఆయన చేతులు ఇంకా వేగంగా కదిలాయి.

అది 1966, వైశాఖం చివర. నేను కృష్ణపట్నం వైపు నడుస్తున్నాను. అక్కడ పనేమీ లేదు, సముద్రం ఉంది కనుక. ఆ వయసులో నాకు అంతకన్నా పెద్ద కారణం అక్కర్లేదు. పని ఉన్న మనిషి ఆయన. పేరు పీర్ సాహెబు, ఇల్లు నెల్లూరు కోటమిట్టలో, ఏళ్ళు యాభై రెండు. పక్కన నేలమీద ఆయన సరంజామా ఉంది: నిప్పు ఊదే మేకతోలు తిత్తి, బొగ్గుల సంచి, పొడుగు పట్టకారు, తగరం అంటుకునేందుకు చల్లే నవాసారం పొట్లం, గుడ్డలో చుట్టిన తగరం కడ్డీ. ఇత్తడి గిన్నెలకు కళాయి పూసే పని. పన్నెండో ఏట తండ్రి వెంట తిత్తి ఊదుతూ ఈ తూర్పు ఊళ్ళకు రావడం మొదలుపెట్టాడు.

కళాయి అంటే ఏమిటని అడిగే తరం వచ్చింది కనుక ఒక మాట చెప్పాలి. పూత పోయిన ఇత్తడి గిన్నెలో పులుసు కాస్తే, మజ్జిగ ఉంచితే పచ్చగా చిలుం కక్కుతుంది. అది విషం. గిన్నె లోపల తగరం పూత ఉంటేనే వంట వంట. ఆ తగరం మలయా దేశపు మట్టిలో పుట్టి, ఓడ ఎక్కి మద్రాసులో దిగి, చివరికి తోటపల్లి గూడూరులో ఎవరి చారుగిన్నె లోపలో వెన్నెల రంగులో పరుచుకుంటుంది. నా కన్నా ఎక్కువ దేశాలు తిరిగిన లోహం. దాని మీద నాకు గౌరవం.

"అంత తొందర దేనికి?" అని అడిగాను.

"ఈ పొద్దు తోటపల్లి గూడూరు రాఘవమ్మక్క ఇంట్లో ఇత్తడంతా తూకానికి పోతా ఉండాది. నిన్న ఓ బండాయన చెప్పినాడు. పాత ఇత్తడి ఇస్తే కళాయి అక్కర్లేని కొత్త ఎవర్‌సిల్వరు స్టీలు గిన్నెలు ఇస్తాడంట, బండి మీద గిన్నెలమ్మే వెంకయ్య." టైరు అంచు రిమ్ములోకి లాగుతూ అన్నాడు. "ఆ యింట్లో ఇత్తడి పోతే ఊళ్ళో ఎవురింట్లోనూ ఉండదు సామీ. ఆయమ్మ ఏం కడితే అది కడతారు, ఏం వండితే అది వండతారు. నాకు మిగిలింది ఆ ఒక్క ఊరే. తూకం ఎక్కక ముందే పోయి కాళ్ళు పట్టుకోవాల."

అప్పుడే వెనక నుంచి ఎద్దుల మువ్వలు వినిపించాయి. బండి నిండా మెరిసే గిన్నెలు. ఎండ వాటి మీద పడి చూపు నిలవనీయలేదు. వెనక ఊచకు పెద్ద తక్కెడ వేలాడుతోంది. బండిలో తువ్వాలు నెత్తిన కప్పుకుని కూర్చున్నవాడు వెంకయ్యని వేరే చెప్పనక్కర్లేదు.

"ఏంది సాయిబన్నా, గుర్రానికి మేత పెడతా ఉండావా?"

"పెట్టాల గదా. నీ ఎద్దులు తిని మిగిలింది పెడతా ఉండా."

వెంకయ్య నవ్వి బండి ఆపించాడు. "ఎక్కన్నా. సైకిలు వెనక కడదాం. ఇద్దరం పోయేది ఒక ఇంటికే గదా."

"నువ్వు పో."

"కోపం ఎందుకన్నా? నేను అమ్మకపోతే ఇంకొకడు అమ్ముతాడు. మా యింట్లో నా పెండ్లామే ఇత్తడి అటకెక్కించింది."

"పో వెంకయ్యా. ఎండ ముదరతా ఉండాది."

బండి కదిలింది. మువ్వలు దూరమయ్యేదాకా పీర్ సాహెబు కదల్లేదు. తర్వాత ఒక్క ఊపున సైకిలు తిరగేసి, సామాను కట్టి ఎక్కాడు. పది గజాలు పోయాడో లేదో చక్రం ధన్ ధన్ అని నేలను కొట్టింది. దిగాడు. గడ్డి మనిషినో బరువునో మోస్తుంది కానీ రెండూ మోయదు. రిమ్ము వంగితే రేపటికి కూడా సైకిలు ఉండదు. బొగ్గుల సంచి నేను భుజాన వేసుకున్నాను. ఆయన సైకిలు తోస్తూ పరుగులాంటి నడక నడిచాడు. పుట్టినప్పటి నుంచీ నడుస్తున్న నాకే ఆ నడక అందలేదు.

ఎద్దుల బండిని సైకిలు దాటలేకపోవడం నేను ఆ ఒక్కరోజే చూశాను.

నాకు నోరు ఊరుకోదు. సైకిలు వల్ల మేలా, కీడా అని వాదన తీశాను. నేను చదివిన పాత బాటసారులంతా కాలినడకనే దేశాలు చూశారని, చక్రం మనిషిని చేరుస్తుందే కానీ చూడనివ్వదని ఏదో అన్నాను. ఆయన రొప్పుతూనే జవాబిచ్చాడు.

"మేలే సామీ. కాదనకూడదు. పన్నెండు మైళ్ళు గంటన్నరలో వస్తా. దీపాలు పెట్టకముందే ఇంట్లో ఉంటా. మిగతా నెలల్లో గాలి కూడా నా చుట్టమే. పొద్దున పడమటి గాలి ఇటు తోస్తాది, మజ్జానం సముద్రపు గాలి అటు తోస్తాది. ఈ ఎండాకాలమే, పడమటి వడగాలి పొద్దుగూకినా ఆగదు. ఇంటికి పోయేటప్పుడు మొహం మీద పొయ్యి పెట్టినట్టుంటాది, మూడు గంటలు పడతాది. అందుకే మూడింటికే బయల్దేరాల."

"మరి కీడు?"

"గిన్నె తోమేది చేత్తో కాదు గదా. ఇసక, చింతపండు ఏసి, లోపల నిలబడి, గోడ పట్టుకుని నడుము తిప్పతా కాళ్ళతో తోమాల. ఆ కాళ్ళే దీన్నీ తొక్కాల. చేరేసరికి మోకాళ్ళు నావి కావు." కాసేపు ఊపిరి తీసుకుని మళ్ళీ అన్నాడు. "అది కూడా ఓర్చుకుంటా. అసలు సంగతి వేరే. మునుపు నడిచి వచ్చేవాణ్ణి. వస్తే పదిరోజులు, ఒక్కోసారి నెల, చావిడి పక్కనే పొయ్యి తవ్వుకుని ఉండేవాణ్ణి. ఆడోళ్ళు మజ్జానం వంటయి, తిని, తోమి, రెండింటికి గిన్నెలు తెస్తారు. పొద్దుగూకే లోపల పూసి ఇచ్చేవాణ్ణి, రాత్రి వంటకి అందేది. ఇప్పుడు నేను పదకొండుకు వస్తా. అప్పుడు గిన్నెలు పొయ్యి మీదుంటాయి. వాళ్ళు తెచ్చేసరికి నేను నిప్పులార్పతా ఉంటా."

"అయితే ఉండిపో. సైకిలుందని రోజూ ఇంటికి పోవాలని ఎవరన్నారు?"

రోడ్డు పక్క కోసిన చేలు నెర్రెలు విచ్చి ఉన్నాయి. దూరంగా ఏదో కాలవలో మిగిలిన కాసిని నీళ్ళు మెరిశాయి.

"నా పెండ్లాం సర్దార్‌బీకి చూపు పోయింది," అన్నాడు. "నాలుగేళ్ళయింది. పగలు పరవాలేదు, గోడలు పట్టుకుని తిరుగుతాది. నేను ఊళ్ళో దిగి ఉన్నప్పుడు ఓ సాయంత్రం ఆకలేసి తనే పొయ్యి ముట్టించబోయింది. చెంగు అంటుకుంది. పక్కింటోళ్ళు గోనెసంచి కప్పినారు. ఇప్పటికీ ఎడమ చెయ్యి ముడుచుకునే ఉండాది. అప్పుడే ఆమె కడియాలు అమ్మితే ఈ సైకిలయింది. సాయంత్రం పొయ్యి నేనే ముట్టించాల. నేను రాలేదంటే ఆమె మళ్ళా అగ్గిపెట్టె ఎతుకుతాది. దాచినా ఎతుకుతాది. నన్ను కష్టపెట్టకూడదని."

"ఊళ్ళో ఈ మాట చెప్పొచ్చు కదా?"

"ఒక ఊళ్ళో చెప్పినా. అయ్యో సాయిబూ అని చేటల్లో బియ్యం తెచ్చినారు. గిన్నెలు మాత్రం ఒక్కరు తేలేదు. నా కష్టం చూసినాక నన్ను పని అడగడానికి నోరు రాలేదంట వాళ్ళకు. ఆ ఊరికి మళ్ళా పోలేదు." ఆగి నా వైపు తిరిగాడు. "నువ్వు చెప్పబాక సామీ. మాటియ్యి."

ఇచ్చాను. ఇచ్చేటప్పుడు అది చిన్న మాటే అనిపించింది.

రాఘవమ్మగారి ఇంటి ముందు పందిట్లో తక్కెడ అప్పటికే వేలాడుతోంది. అరుగు మీద బిందెలు, తపేలాలు, చెంబులు, వెలగని దీపాల్లా వరుసగా పెట్టి ఉన్నాయి. ఇద్దరు మనుషులు పెద్ద గంగాళాన్ని మోసి తక్కెడ పళ్ళెంలో పెడుతున్నారు. అరవై దాటిన రాఘవమ్మగారు స్తంభానికి ఆనుకుని నిలబడి చూస్తోంది. ఆమె కొడుకు రంగనాయకులు వెంకయ్య పక్కన కొత్త గిన్నెలను వేళ్ళతో కొట్టి చూస్తున్నాడు.

"దించమను అక్కా! ఆ గంగాళం దించమను!" సైకిలు గోడకు ఆనించకుండానే వదిలేశాడు పీర్ సాహెబు. అది పక్కకు పడిపోయింది.

"వచ్చినావా దొరా?" అంది రాఘవమ్మగారు. "పదకొండు కొట్టి ఎంతసేపైంది?"

"టైరు పోయిందక్కా."

"పోయిన శనివారం టైరు బాగానే ఉండె గదా. రెండున్నరకు చారు తపేలా ఎత్తుకుని నేనే వస్తిని. నువ్వు నిప్పుల మీద నీళ్ళు కొడతా ఉంటివి. రేపు వస్తాలే అంటివి. ఆ రేత్రి దాంట్లో పోసిన మజ్జిగ పొద్దునకి పచ్చబడింది. మా మనవరాలికి వాంతులు. తెలుసునా నీకు?"

తెలియదని ఆయన ముఖమే చెప్పింది. చేతులు జోడించాడు.

"మీ అత్తగారి గంగాళం అది. మా అబ్బ పూసినాడు, నేను పూసినా. ఇది పోతే నాకు ఊరు లేదక్కా. ఈ పొద్దే పూస్తా. అన్నీ పూస్తా."

"ఈ పొద్దు మూడింటి లోపలా?" అన్నాడు రంగనాయకులు. "తాలూకాఫీసు గుమాస్తా నయం, అయిదుదాకా ఉంటాడు."

పందిట్లో ఉన్నవాళ్ళు నవ్వారు. రాఘవమ్మగారు నవ్వలేదు. ఆమెకు ఇత్తడి మీద మమకారం ఉందని, ఈ తూకం కొడుకు బలవంతమని, ఆమె గంగాళం వైపు చూసిన తీరులోనే నాకు తెలిసింది. ఆమె ఒక మెట్టు దిగి వచ్చింది.

"ఇంటావా సాయిబూ. సైకిలు కొనక ముందు మనిషివి నువ్వు. ఇప్పుడు కళ్ళు నెత్తికెక్కినాయి. అయినా ఒక మాట చెప్తా. మునుపటి మాదిరి చావిడి పక్కన దిగు. పదిరోజులుండు. కూడు మా యింట్లోనే. ఊళ్ళో ప్రతి గడపకూ నేనే కబురు పెడతా. వెంకయ్యను ఇట్టనే తిప్పి పంపిస్తా."

వెంకయ్య తూకం గుండ్ల మీద చెయ్యి ఆపాడు. రంగనాయకులు "అమ్మా!" అన్నాడు. ఆమె వినిపించుకోలేదు.

పీర్ సాహెబు అడగాలని వచ్చినదాని కన్నా ఎక్కువే దొరికింది. ఆయన చూపు పడమటి రోడ్డు వైపు పోయింది.

"వారం," అంది ఆమె.

ఆయన కాలితో నేల మీది ఇసుకను అటూ ఇటూ నెట్టాడు.

"అయిదు రోజులు? మూడు? మూడు రేత్రులు పండుకోలేవా మా ఊళ్ళో? ఒకప్పుడు నెల పండుకున్నావే!"

"రేత్రి కుదరదక్కా."

"ఎందుకు కుదరదు?"

నేను ఉండబట్టలేక, "అమ్మా, ఆయన ఇంట్లో..." అన్నాను. పీర్ సాహెబు నా వైపు చూశాడు. కోపంగా కాదు. రోడ్డు మీద మాట అడిగినప్పుడు చూసినట్టే చూశాడు. నా నాలుక అక్కడే ఆగింది. అది ధర్మమో, పిరికితనమో ఈ రోజుకీ తేల్చుకోలేకున్నాను. చదివిన పుస్తకాలేవీ సాయపడలేదు.

"సైకిలెక్కి నెల్లూరులో రెండో ఆట సినిమా చూడాలేమోలేమ్మా," అన్నాడు రంగనాయకులు. మళ్ళీ నవ్వులు.

రాఘవమ్మగారి ముఖం గట్టిపడింది. "తూయించరా," అంది కొడుకుతో.

వెంకయ్య గుండ్లు వేశాడు. గంగాళం నేల వదిలి ఊగింది. దాన్ని దించి, బిందెలు ఎక్కించారు. బిందెలు దించి, తపేలాలు. పక్క ఇళ్ళ గుమ్మాల్లో ఆడవాళ్ళు తమ గిన్నెలు చంకన పెట్టుకుని అప్పటికే నిలబడి ఉన్నారు. పీర్ సాహెబు అవన్నీ చూశాడు. తర్వాత పడిపోయిన సైకిలు లేపాడు. నా భుజం మీది బొగ్గుల సంచి తనే తీసుకుని హాండిలుకు తగిలించాడు.

"మజ్జిగన్నా తాగిపో సాయిబూ!" అంది రాఘవమ్మగారు, కోపం సగంలో వదిలేసి.

ఆయన అప్పటికే వీధిలోకి దిగాడు.

"ఏందయ్యా అంత పొగరు ఆ మనిషికి?" అని ఆమె నన్నడిగింది. "నువ్వు కూడా వచ్చినావు గదా, నువ్వు చెప్పు. నేనేమన్నా తప్పు మాట అన్నానా?"

నేను రోడ్డు వైపు చూస్తూ నిలబడ్డాను. వడగాలి ఎదురు కొడుతోంది. ఆయన సైకిలు ఎక్కలేదు. ఒక చేత్తో దాన్ని తోస్తూ, రెండో చేత్తో కళ్ళకు దుమ్ము అడ్డం పెట్టుకుని, వెనక్కి తిరగకుండా పడమటికి నడిచిపోయాడు.