గాలిని గెంటేసిన ఇన్నమ్మ

జూలూరుపాడులో బాలింత గది మూయాలంటే ఇన్నమ్మే మూయాలి. కిటికీ సందుల్లో పాతచీర పేలికలు, తలుపు కింద గోనెసంచి, మూలన కుంపట్లో సాంబ్రాణి. ఆమె మూసిన గదిలోకి దూరలేక అడవిగాలి ఒకసారి వాకిట్లో కూలబడి ఏడ్చిందట. నమ్మనివాళ్లు వెళ్లి గాలినే అడగొచ్చు.

గాలి మీద ఆమెకు పగ ఊరికే పుట్టలేదు. కారే గుడిసెలో పుట్టిన ఆమె తొలిబిడ్డ నెల తిరక్కుండా పోయింది. గాలి తగిలిందన్నారు. ఆనాటి నుంచి ఇన్నమ్మ గాలిని గడప తొక్కనివ్వలేదు.

అది టీవీల్లో స్వైన్ ఫ్లూ మారుమోగుతున్న వానాకాలం. కూతురు హెప్సిబా పురిటికొచ్చి ఆడపిల్లను కన్నది. గురువారం ముసురులో అల్లుడు జస్టిన్ హైదరాబాదు నుంచి దగ్గుకుంటూ దిగాడు.

"ఏంది అల్లుడా, సంచి కన్నా ముందు దగ్గు దిగింది?"

"బస్సద్దాలన్నీ మూసిన్రు అత్తమ్మా. ఎనక సీటాయన ఖమ్మం దాక దగ్గుకుంటనే వచ్చిండు. టికెట్టు నాది, దగ్గు ఆయనది."

"వానగాలి పట్టింది, గంతే. కాళ్లు కడుక్కొని జల్దీ లోపలికి రా."

అంతే, జస్టిన్ ఇన్నమ్మ మూసిన ఆ బాలింత గదిలోనే ఉండిపోయాడు.

ఆదివారం పాపకు పేరుపెట్టే ప్రార్థన. వచ్చినవాళ్లందరి చేత ఇన్నమ్మ వేపాకు నీళ్లతో కాళ్లూ చేతులూ కడిగించి, లోపలికి తోసి, తలుపు బిగించింది. సంఘపెద్ద జకర్యా పాట ఎత్తుకున్నాడు. ఆయన గొంతెత్తితే పర్ణశాల రేవులో పడవ దానంతటదే ఒడ్డుకొస్తుందని ప్రతీతి.

పక్కింటి సుబ్బరత్నం కొంగుతో విసురుకుంది. "వదినా, ఊపిరాడ్తలేదు. కిటికీ జర తియ్యరాదు?"

"తీస్త, నీ పెండ్లికి తీస్త! బిడ్డకు గాలి తగిల్తే నువ్వు తెచ్చిస్తవా?"

అప్పుడే ముసురు తెరిపిచ్చింది. కప్పులోని అద్దపు పెంకు నుంచి ఎండ నిలువుగా దిగింది. అందులో సాంబ్రాణి పొగ తెల్లగా వేలాడుతోంది. జస్టిన్ దగ్గాడు. పొగ చీలింది. పాడుతున్న నోళ్ల మీదుగా సాగి, కిటికీ పేలికలకు కొట్టుకుని, వెనక్కి తిరిగి పాప ఉయ్యాల మీద దిగింది. అతను మళ్లీ దగ్గాడు. పొగ మళ్లీ అదే దారి పట్టింది. బయటికి పోవడానికి ఇన్నమ్మ ఎక్కడా సందు ఉంచలేదు.

ఆమె చేతిలోని సాంబ్రాణి కింద పడింది. కిటికీ పేలికలు పీకిపారేసి, పాపను ఎత్తుకుని, గోనెసంచిని కాలితో తన్ని వరండాలోకి వచ్చింది.

"అమ్మా, చల్లగాలి!" హెప్సిబా అరిచింది.

"తగల్నియ్యే! ఆ గాలే కావాలె!"

వాన మళ్లీ మొదలైంది. అడవి మీద నుంచి వచ్చిన గాలి పాప నుదుటిని తాకింది. సరిగ్గా అప్పుడే ఇన్నమ్మ గొంతులో గరగర మొదలైంది. పెదవులు బిగబట్టింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. బిడ్డను అందుకునేవాళ్ల కోసం చూసింది. గుమ్మంలో అందరూ ఆ గదిలోంచి వచ్చినవాళ్లే. సుబ్బరత్నం గొంతు సవరించుకుంటోంది. జకర్యా బొంగురుగా మూలిగి, పాట మధ్యలో ఆపేశాడు.

ఇన్నమ్మ పాపను వరండా మంచం మీద పడుకోబెట్టి, పరుగున వానలోకి దిగి, అడవి వైపు తిరిగి దగ్గింది. వంగి, మోకాళ్లు పట్టుకుని, చాలాసేపు దగ్గింది.

తిరిగి చూసేసరికి మంచం మీద పాప తుమ్మబోతున్నట్టు చిన్ని ముక్కు ముడుచుకుంటోంది.